వేలికొసకు తాకిన బంతి

సకల జనుల సమ్మె నలభై రెండు రోజులు నడిచింది. అందుల ముప్పై రోజులు నేనే మాట్లాడిన. మిగిలిన పన్నెండు రోజులు గొంతు పోయి సైగలు చేసిన.

నా పేరు జలపతి. కొలువు జగిత్యాల కాలువల ఆఫీసుల. పేరుల జలమున్నది, పనిల కాలువ ఉన్నది, రెంటి నడుమ నీళ్లే లేవు. ఆ కరువునంత నోటితోని తీర్చేటోన్ని. రెండువేల పదకొండు సెప్టెంబర్ల ఆఫీసులన్నిటికి తాళాలు పడ్డయి. తహసీలు ముందట టెంటు లేసింది. నా నోటికున్న తాళం గూడ ఆ రోజే ఊడింది. మైకు పట్టుకుంటే నాకు మైకం. టెంటు జేఏసీది, కంటెంటు నాది. ఎవలన్న ఎదురొచ్చి "సమ్మె ఎట్లున్నదే?" అని అడిగితే "సమ్మగున్నది" అనేటోన్ని. జీతం రాని నెల గూడ సమ్మగుండుడంటే అది ఉద్యమం మహిమ.

నా భార్య బాలలక్ష్మి. పేరుల్నే బాల్ ఉన్నది. నేను పెట్టింది కాదు, సిరిసిల్లల వాళ్లవ్వ పెట్టింది. ఇండియా వాలీబాల్ టీముల మూడేండ్లు ఆడింది. లిఫ్టర్. అంటే బంతిని కొట్టేది కాదు, కొట్టేటోళ్లకు నెట్టు మీదికి అందిచ్చేది. కొట్టినోళ్ల ఫోటో పేపర్ల వస్తది, అందిచ్చినోళ్ల చేతులు ఆ ఫోటో అంచుల కనవడ్తయి. మా ఇంట్ల గోడకున్న, జపాన్ల ఆడినప్పటి ఫోటోల గూడ ఆమె వేళ్లు పది, మొఖం సగం. చిన్నతనంల మగ్గం పక్కపొంటి కూసొని కండెలు చుట్టిన వేళ్లు అవి. తెగిన పోగును చూడకుంటనే అతికిస్తయి. ఎక్కడ తెగిందో, ఎక్కడ ముడి పడ్డదో భూతద్దం పెట్టినా దొరకదు.

ఇరవై మూడేండ్లకు ఆమె ఆట ఆగిపోయింది. నన్ను చేసుకున్న సంవత్సరమే. అటెంక సర్కారు బడిల పీఈటీ అయ్యింది. నెట్టు ముందట మూడేండ్లు నిలబడ్డది, నా వెంబడి ఇరవై ఐదేండ్లు నెట్టుకొచ్చింది.

ఆట ఎందుకు ఆగింది? దానికి నా దగ్గర ఒక ముచ్చట ఉండె. "పట్నంల కూసున్న సెలెక్షనోళ్లు మన దిక్కు పిల్ల అని పేరు కొట్టేసిండ్రు." ఈ ముచ్చట పెండ్లిళ్లల్ల చెప్పిన, దినవారాలల్ల చెప్పిన, మంగలి షాపుల సగం గడ్డం మీద సబ్బుండంగ చెప్పిన. సమ్మెల మైకు దొరికినంక అది నా హిట్టు ముచ్చట అయ్యింది. మూడో రోజు చెప్తే టెంటు కిందోళ్లంత లేచి నిలబడ్డరు. ఒక ముసలాయన తువ్వాలతోని కండ్లు తుడుచుకున్నడు. నిజంగ అన్యాయమైనోళ్లు ఆ టెంటు కిందనే వందమంది ఉండె. నీళ్లు రానోళ్లు, కొలువు రానోళ్లు, ప్రమోషన్ కోసం చూసి చూసి రిటైరైనోళ్లు. వాళ్ల ముచ్చట్లకు చప్పట్లు తక్కువ పడ్డయి. వాళ్లకు చెప్పరాదు మరి.

నా ముచ్చటకు ఒక్కటే లోపం. అది అబద్ధం.

ఎనభై ఆరుల దసరకు నాలుగు రోజుల ముందట టెలిగ్రాం వచ్చింది. నా ఆఫీసుకే వచ్చింది. ఇంటి అడ్రసిస్తే నన్ను కన్న మా అవ్వ రాజవ్వ కాయిదం కనవడంగనే పొయ్యి అంటిస్తదని బాలలక్ష్మి నా ఆఫీసు అడ్రసిచ్చింది. "దసర ఎల్లిన అయిదో రోజు వరకు పటియాల క్యాంపుల రిపోర్టు చెయ్యాలె." మూడుసార్లు చదివిన. పెండ్లి ఆరు నెలలది. కాపురమా, క్యాంపా? పెండ్లయినోనికి ఏ కాయిదమైన పెండింగే అని నాకు నేనే జోకేసుకున్న, నవ్వుకున్న. టెలిగ్రాం మడిచి అంగి జేబుల పెట్టుకున్న.

బాలలక్ష్మి అప్పుడు మొదటి బతుకమ్మకని సిరిసిల్లల తల్లిగారింటికి పోయి ఉన్నది. దసర నాడు నేను బస్సెక్కిన. ఇద్దామనే పోయిన. ఒట్టు. వాకిట్ల చుట్టాలంత కూసున్నరు. కాళ్లకు నీళ్లియ్యంగనే ఆమె మేనమామ అన్నడు: "ఏం అల్లుడా, మా పిల్ల మల్ల జపాన్ పోతే ఇంట్ల గిన్నెలు ఎవలు తోముతరు? ఏ, నీకేంది, కాలువలాయనవు, నీళ్లకు కరువా!"

వాకిలంత నవ్వింది. బాలలక్ష్మి గూడ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నా మీద ఇంకొకలు జోకేసి గెలిచింది అదే మొట్టమొదటిసారి. పైంగ మంచి జోకు. గదే మంట.

జేబు మీద పెట్టిన చెయ్యి నేను తియ్యలే. తెల్లారి చెప్దామనుకున్న. సాయంత్రం మా అత్త శంకరవ్వ కొత్త బట్టలు పెట్టి, ఇప్పిన అంగి తీస్కపోయి ఉతికింది. పొద్దుగాల చూస్తే అంగి దండెం మీద ఆరుతున్నది, జేబు ఖాళీ. కాయిదం సబ్బునీళ్లల్ల కరిగిపోయిందనుకున్న. దానితోని నా తప్పు గూడ కరిగిందనుకున్న. మూడో రోజు ఇద్దరం జగిత్యాలకు వచ్చినం. నేను నోరిప్పలే. అయిదో రోజు దాటింది. నేనంటే ఎర్కున్నోళ్లెవ్వలు నమ్మరు గని, నేను నోరిప్పని వారం ఒకటున్నది నా జన్మల.

రెండు నెలలకు పేపర్ల టీము పేర్లు పడ్డయి. ఆమె పేరు లేదు. పేపరు ఒళ్లె పెట్టుకొని కడప మీద కూసున్నది. నేను ఎనుక నిలబడి ఆ మాట మొదటిసారి అన్న: "మన దిక్కు పిల్లవని కొట్టేసిండ్రు."

"గట్లనా?" అన్నది.

గంతే. ఆ ముచ్చట మీద ఇరవై ఐదేండ్లల్ల ఆమె అన్నది ఆ ఒక్క మాటనే.

*

సమ్మె తొమ్మిదో రోజు టెంటు కాడ వంటా వార్పు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి పులిహోర కలుపుతున్నం. లెక్కల సారు బాలకిషన్ మా జేఏసీ కన్వీనర్. నా భుజం మీద చెయ్యేసిండు.

"జలపతన్నా, వదిన ముచ్చట నీ నోట్ల ఇంటేనే టెంటు ఏడ్చింది. వదిన నోట్లకెళ్లే ఇంటే ఎట్లుంటదే?"

"ఎట్లుంటది, మూగగుంటది. ఆమెకు మాట్లాడరాదు తమ్మీ."

"ఇరవై ఐదేండ్లసంది నీ పక్కకున్నది. నువ్వు సందిస్తే గద వచ్చేది!"

అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. అలవాటు.

"దసర ఎల్లినంక సిరిసిల్లల ఆటగాళ్ల సభ పెడ్తున్నం," అన్నడు బాలకిషన్. "ఇంటర్నేషనల్ ప్లేయర్, గా ఊరి బిడ్డ. తనకైన అన్యాయం తనే నిలబడి చెప్పాలె. అయిదు వేల మంది వస్తరు."

నేను పులిహోర గంటె కింద పెట్టిన. ఇన్నొద్దులు అబద్ధం నాది, నోరు నాది. గిప్పుడు అబద్ధం నాది, నోరు ఆమెది. అయిదు వేల మంది ముందట, పుట్టిన ఊర్లె.

బాలలక్ష్మి టీచర్లతోని కూసొని ఉల్లిగడ్డలు కోస్తున్నది. బాలకిషన్ అక్కడికే పోయి అడిగిండు. ఆమె కత్తిపీట మీదికెళ్లి తలెత్తలే.

"ఏం చెప్పాల్నో ఆయనను రాసియ్యమను," అన్నది.

"గదేంది వదినా, నీ కథ నీకెర్కలేదా?"

"ఆయనకు ఎర్కున్నంత నాకెర్కలేదు."

మల్ల నవ్వులు. ఉల్లిగడ్డలు కోసేది ఆమె, కండ్లల్ల నీళ్లు నాకు.

ఆ రోజు సంది నేను అడ్డం పెట్టని రాయి లేదు. బస్సులు బందున్నయన్న. "నీ చేతక్ స్కూటర్ ఉన్నది గదనే," అన్నడు బాలకిషన్. ఆమెకు మోకాళ్లు నొప్పులన్న. "కుర్చీ ఏస్తం." సింగరేణోళ్లు బొగ్గు బందు పెట్టిండ్రు, సిరిసిల్లల కరెంటుండదన్న. "జనరేటర్ చెప్పినం." ఆకరికి ఆమెకు ఇష్టం లేదేమోనన్న. "నేనడిగిన, వస్తనన్నది." తెలంగాణల ప్రతి ఊరోడు రాస్తారోకో చేసి లారీలను ఆపిండు. నేను ఒక్క మీటింగును ఆపలేకపోయిన.

*

సద్దుల బతుకమ్మ ఎల్లింది, దసర ఎల్లింది. సిరిసిల్ల సభ మూడు రోజులున్నదనంగ కోరుట్లల రాస్తారోకో పడ్డది. ఉత్త రాస్తారోకో కాదు, హైవే మీద వాలీబాల్. కోరి కోరి కోరుట్లకు పోయిన, చేసుకున్నోనికి చేసుకున్నంత.

నెట్టు ఒక కొస కరెంటు స్తంభానికి, ఇంకో కొస ట్రాక్టరుకు. డాంబరు మీద ముగ్గుపిండితోని లైన్లు. ఇటు అటు లారీలు అరమైలు నిలబడ్డయి. డ్రైవర్లు దిగి చెట్ల కింద కూసొని చూస్తున్నరు. ట్రాక్టరు డబ్బా మీద కుర్చీ ఏసుకొని, మెడల విజిలు ఏసుకొని మైమూనా బీ. కోరుట్లల టైలర్ షాపు ఆమెది. బాలలక్ష్మితోని జిల్లా టీముల ఆడింది. నన్ను పెండ్లినాడు సంది దుల్హాభాయ్ అనే, బావా అన్నట్టు, పిలుస్తది. పిలుపుల మర్యాద ఉంటది, గొంతుల ఉండదు.

"సునో! పాత కానూన్‌తోని, ఎనుకటి రూల్‌తోని ఆడుతరు," అని అరిచింది. "పదిహేను పాయింట్లు. సర్వీసు చేసేటోళ్లు గెలిస్తేనే పాయింటు. అవుతలోళ్లు గెలిస్తే సర్వీసు చేతులు మారుతది, గంతే. లైన్ల కాడ ఎవ్వలు లేరు, నేనొక్కదాన్నే. అందుకని బంతి తాకితే ఎవలి చెయ్యి వాళ్లే ఎత్తాలె. దుల్హాభాయ్, ఇన్నవా?"

"ఇన్న. చెయ్యెత్తి మొక్కుతున్న."

"మొక్కుడు గాదు, ఎత్తుడు."

బాలలక్ష్మి చీర కుచ్చిళ్లు దోపుకొని, కాన్వాస్ బూట్ల లేసులు బిగిస్తున్నది. పక్కనున్న చిన్న టీచరు అడిగింది, "గదేంది మేడం, తాకిందని ఎవలన్న వాళ్లకు వాళ్లే ఒప్పుకుంటరా?"

"మా సిరిసిల్ల గల్లీల రిఫరీ ఎక్కడిదే?" అన్నది. "తాకినోళ్లే చెయ్యెత్తాలె. చూసినోళ్లు చెప్పొద్దు, అడుగొద్దు. ఎత్తినోళ్లతోని తెల్లారి మల్ల ఆడుతరు."

"ఎత్తకుంటే?"

"ఆడుతరు. బంతి మాత్రం వాళ్లకియ్యరు."

టీచర్లు ఒక దిక్కు, మేం ఆఫీసోళ్లం ఒక దిక్కు. మాకు ఒకడు తక్కువైతే నన్ను నెట్టు ముందటికి నెట్టిండ్రు. నేను ఆడుకుంటనే కామెంటరీ చెప్తున్న. నలభై ఎనిమిదేండ్లున్న నా భార్య బంతి కిందికి పోయే తీరు చూసి నా కామెంటరీ రెండుసార్లు ఆగింది. ఉరుకదు. బంతి ఏడికొస్తదో ఆడ ముందుగాలనే నిలబడి ఉంటది. పది వేళ్లు ఇట్ల ఇప్పుకుంటయి, బంతి చప్పుడు లేకుంట లేస్తది. ఇంట్ల నేను రోజు చూసే వేళ్లే అవి. బియ్యంల రాళ్లు ఏరే వేళ్లు. వాటికి ఇంత పని వచ్చని నేనెట్ల మర్సిపోయిన?

నడుమ మా దిక్కు ఆడే బ్యాంకు క్లర్కు చెయ్యెత్తిండు, తాకిందని. మైమూనా బీ ఎడమ చెయ్యి నిలువుగ పెట్టి, కుడి అరచేతితోని ఆ వేళ్ల కొసలను ఒక్కసారి రాసింది. టచ్ అని రిఫరీ చేసే సైగ అది. లారీ డ్రైవర్లు గూడ చప్పట్లు కొట్టిండ్రు.

పద్నాలుగు, పన్నెండు. సర్వీసు మాది. ఇంకొక్కటి గెలిస్తే ఆట మాదే. బంతి అవుతలికి పోయింది, బాలలక్ష్మి లేపింది, వాళ్ల దిక్కు దేవేందర్ సారు ఎగిరి కొట్టిండు. నేను చేతులు పైకెత్తిన. బంతి నా తల మీదికెళ్లి పోయి ముగ్గు అవుతల డాంబరు మీద పడ్డది.

అవుట్. మా వోళ్లు ఎగురుతున్నరు.

నా కుడి మధ్యవేలు కొస చురుక్కుమన్నది. తాకింది. సన్నంగ తాకింది, గని తాకింది.

"టచ్ ఉన్నదా దుల్హాభాయ్?"

రోడ్డంత నన్నే చూస్తున్నది. ఇట్ల అందరు చూసినప్పుడు నాకు ఒక్కటే పని వస్తది.

"నన్ను ముట్టుకునే ధైర్యం బంతికున్నదా మైమూనా? సర్కారుకే లేదు!"

నవ్వులే నవ్వులు. విజిలు పడ్డది. మేం గెలిచినం. నన్ను భుజాల మీదికి ఎత్తిండ్రు. బాలలక్ష్మి నెట్టు కిందికెళ్లి వంగి ఇవుతలికి వచ్చి, బంతి తీసుకొని చంకల పెట్టుకున్నది. నా మొఖం దిక్కు చూడలే. నా వేలు దిక్కు చూసింది.

జగిత్యాల దాక చేతక్ మీద ఎనుక కూసున్నది. ఇంటికొచ్చేసరికి నా వేలు దోసకాయ లెక్క వాచింది. పసుపు పెట్టి, పాత చీర అంచు చింపి, కట్టు కట్టింది. కట్టుకుంట అన్నది:

"తాకకుంటనే గింత వాచిందా?"

నా దగ్గర నాలుగు జోకులుండె. తీసేలోపల ఆమె ముడేసి, మిగిలిన అంచు తెంపింది.

"రాసినవా, సిరిసిల్లల నేనేం చెప్పాల్నో?"

"రాస్తున్న."

రెండు రోజులు కూసున్న. కాయిదం మీద కాయిదం. వాచిన వేలుతోని పెన్ను నిలుస్తలేదని నాకు నేను చెప్పుకున్న. అబద్ధం రాస్తే ఆమె చదవాలె. నిజం రాస్తే గూడ ఆమెనే చదవాలె. సమ్మె చేసే సర్కారు కొలువోనికి తన సొంత ఆఫీసుల ఇంత పని పడ్తదని ఎవలు చెప్పలే. మూడో రోజు పొద్దుగాల చెయ్యి చాపింది. ఖాళీ కాయిదం పెట్టిన.

"సరే," అని మడిచి రైక సందుల పెట్టుకున్నది. "నడు, ఎండెక్కుతది."

*

వేములవాడ మీదికెళ్లి సిరిసిల్లకు పోయేసరికి పన్నెండైంది. మరమగ్గాల చప్పుడు లేని సిరిసిల్లను నేనెప్పుడు చూడలే. ఊరు ఊపిరి పట్టినట్టున్నది. కరెంటు వస్తున్నది, పోతున్నది. మైదానం నిండింది. ముందటి వరుసల, చాప మీద, మా అత్త శంకరవ్వ. డెబ్బై ఎనిమిదేండ్లు. నన్ను చూసి "వచ్చినవా బిడ్డా" అన్నది. ఆమె అల్లునితోని ఎన్నడు గట్టిగ మాట్లాడలే. గదే నాకు ఎక్కువ భయం.

బాలకిషన్ రెండు మాటలు చెప్పి బాలలక్ష్మిని పిలిచిండు. ఇండియా ప్లేయర్ అనంగనే చప్పట్లు. ఆమె మైకు ముందటికి వచ్చింది. ఖాళీ కాయిదం తియ్యలే.

"నేను మూడేండ్లు ఇండియాకు ఆడిన," అన్నది. "ఆట ఎందుకు ఆగిందో మా ఆయనకు ఎర్క. ఆయన చెప్తడు."

స్టాండుకెళ్లి మైకు ఊడదీసి, రెండు చేతులతోని నాకు అందిచ్చింది. లిఫ్టర్ గద. కొట్టేటోని చెయ్యికి ఎంత ఎత్తుల కావాల్నో అంతే ఎత్తుల పెట్టింది. ఆ బంతిని కొట్టుడు తప్ప ఇంకో తొవ్వ లేదు.

అయిదు వేల మంది. నోరు తెరిచిన. మైకు "గుర్" మన్నది, ఆగిపోయింది. కరెంటు పోయింది.

"అయిదు నిమిషాలు! జనరేటర్ చాలు చేస్తున్నం!" అని బాలకిషన్ ఉరికిండు.

నాకు ప్రాణం లేసొచ్చింది. సింగరేణోళ్లు తెలంగాణ కోసం బొగ్గు ఆపితే, నా పుణ్యానికి మైకు ఆగింది. అయిదు నిమిషాలల్ల నేను ఏ ముచ్చటనన్న పుట్టియ్యగల. "కరెంటు గూడ సమ్మెల ఉన్నది" అనే జోకు నాలిక మీదికొచ్చి కూసున్నది. మంచి జోకే. అంటే ముందటి వరుస నవ్వుతది, ఆ నవ్వుల పడి నేను దాటిపోత. ఇరవై ఐదేండ్లసంది గిట్లనే దాటిన.

బాలలక్ష్మి చేతులు కిందికేసుకొని నిలబడ్డది. చూపు నా వేలికున్న కట్టు మీద. చూసినోళ్లు చెప్పొద్దు. అడుగొద్దు.

అప్పుడు సమజైంది నాకు. ఆమెకు ఎర్కే. ఎప్పటి సందో ఎర్కే.

జోకు మింగిన. కుడి చెయ్యి పైకెత్తిన.

"టెలిగ్రాం వచ్చింది," అన్న. మైకు లేని నా గొంతు నాకే కొత్తగున్నది. "క్యాంపుకు రమ్మని వచ్చింది. నా చేతికే వచ్చింది. నేనియ్యలే. ఎవ్వలు కొట్టెయ్యలే ఆమె పేరు. నేనే."

ముందటి రెండు వరుసలకు ఇనవడ్డది. ఎనుక ఉన్నోళ్లకు నా ఎత్తిన చెయ్యి ఒక్కటే కనవడ్డది. ఉద్యమంల చెయ్యెత్తితే దానికి ఒక్కటే అర్థం.

"జై తెలంగాణ!"

అయిదు వేల చేతులు లేసినయి. మైదానం అదిరింది. నేను ఇంకింత గట్టిగ "నేనే!" అన్న. వాళ్లు ఇంకింత గట్టిగ "జై తెలంగాణ!" అన్నరు. బతుకంత నోరు పెట్టి బతికినోడు ఒక్కసారి నిజం చెప్తే, నినాదం కింద పడి నలిగింది. చెయ్యి దించుదామా అంటే దించబుద్ధి కాలే. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే పెట్టి నిలబడ్డ, పిచ్చోని లెక్క.

ఆ లొల్లిల శంకరవ్వ చాప మీదికెళ్లి లేచి వేదిక అంచుకు వచ్చింది. నా పంచె కొస గుంజింది.

"గా కాయిదం నేనే తీసిన అల్లుడా," అన్నది. "అంగి ఉతుకంగ జేబుల కనవడ్డది. తడుస్తదని తీసి పిల్ల పెట్టెల చీరల కింద పెట్టిన. చెప్పుడు మర్సిన. నాకు చదువు రాదు బిడ్డా. చదువొస్తే ఆ రాత్రికే బస్సెక్కిస్తుంటి."

పెట్టె. జగిత్యాలకు తెచ్చుకున్న రేకు పెట్టె. ఎన్ని రోజులకు చూసిందో? పేపరు ఒళ్లె పెట్టుకొని కడప మీద కూసున్న నాటికి ఆ కాయిదం ఆమె దగ్గరనే ఉన్నది. "గట్లనా?" అన్నప్పుడు ఉన్నది. నేను పెండ్లిళ్లల్ల, దినవారాలల్ల, టెంటుల, మైకుల...

బాలలక్ష్మి దిక్కు చూసిన. అయిదు వేల చేతుల నడుమ ఆమె ఎడమ చెయ్యి నిలువుగ పెట్టింది. కుడి అరచేతితోని ఆ వేళ్ల కొసలను ఒక్కసారి రాసింది.

జనరేటర్ లేసింది. మైకుకు ప్రాణమొచ్చింది. బాలకిషన్ ఉరికొచ్చిండు. "అన్నా, ఎనుకోళ్లకు ఇనవడలేదట. మల్లొక్కసారి!"

దేవుడా అనుకున్న. మైకు నోటి కాడికి తెచ్చుకుంటున్న. ఆమె చెయ్యి అడ్డం పెట్టి తీసుకున్నది.

"ఒక్కసారి ఎత్తితే చాలు," అని నాతోని మెల్లగ అన్నది. అటెంక మైకుల:

"నన్ను ఎవ్వలు తీసెయ్యలే. క్యాంపుకు పిలుపొచ్చింది, నేను పోలే. అది మా ఇంటి ముచ్చట, ఉద్యమంది కాదు. ఇన్నొద్దులు మీరు వేరే తీరుగ ఇన్నరు, అది మర్సిపోండ్రి. మీ ముచ్చట నేను చెప్త. నా చిన్నప్పుడు ఈ ఊర్లె ఆడపిల్లలకు నెట్టు కట్టే జాగ లేకుండె. గల్లీల సుతిలి తాడు కట్టి ఆడినం. నిన్న పోయి చూడమని మా అవ్వకు ఫోన్ చేసిన. ఇప్పుడు గూడ సుతిలేనట. కొట్లాడుటానికి గిది చాలదా? లేనిది ఎందుకు కలుపుడు?"

చప్పట్లు పడ్డయి. నిజం చెప్తే నా అబద్ధానికి పడ్డన్ని పడలే. బాలకిషన్ మొఖం చిన్నగ చేసుకున్నడు. తెల్లారి సంది టెంటుల నాకు మైకు ఇయ్యలే. నా గొంతు పోయిందని అందరికి చెప్పిండు. మంచోడు.

సభ అయినంక చేతక్ కిక్కు కొట్టిన. బాలలక్ష్మి ఎక్కలే.

"నువ్వు పో. బడి తెరిచేదాక నేను ఈడనే ఉంట. మగ్గాలు బందున్నయి, బడి బందున్నది, పిల్లలు ఖాళీగున్నరు. పొద్దుగాల నెట్టు కడ్త."

"మరి ఇంట్ల గిన్నెలు?"

"తోముకో. కాలువలాయనవు, నీళ్లకు కరువా?"

ఇరవై ఐదేండ్ల కిందటి జోకు. అప్పుడు గూడ మంచిదే, ఇప్పుడు ఇంకా మంచిగున్నది. నవ్విన. ఆమె నవ్వలే.

"లక్ష్మీ," అన్న. "చెయ్యెత్తిన గద. పాయింటు నీదేనా?"

"పాత కానూన్ల పాయింటు రాదు," అన్నది. "సర్వీసు మారుతది, గంతే."

ఇంటికాడికెళ్లి తెచ్చుకున్న బంతి చంకల పెట్టుకొని తల్లిగారి గల్లీ దిక్కు పోయింది.

ఆ సమ్మె ఎల్లినంక ఇగ ప్రతి ఎండకాలం రెండు నెలలు ఆమె సిరిసిల్లలనే. రమ్మని నేను అడుగను, పోవచ్చునా అని ఆమె అడుగదు. పోయేనాడు టైము చెప్తది, నేను బస్టాండుల దింపుత.

ఆ రోజు మాత్రం డెబ్బై కిలోమీటర్లు ఒక్కన్నే వచ్చిన. పొద్దు గూకక ముందే ఇల్లు చేరి, వాకిట్ల కూసొని గిన్నెలు తోమిన. వేలి కట్టు తడిసింది. ఇప్పుదామని ముడి కోసం చూసిన. అటు తిప్పిన, ఇటు తిప్పిన, దొరకలే. పోగులు అతికిచ్చిన వేళ్లు వేసిన ముడి. తడి చెయ్యి ఒళ్లె పెట్టుకొని శానసేపు ఎతికిన.